ఖరగ్‌పూర్ వీధుల్లో సైకిళ్ళు చెప్పే సంగతులు

ఖరగ్‌పూర్ అనగానే రైలు ప్రయాణికులకు స్ఫురించేది అక్కడి పొడవైన ప్లాట్‌ఫారం. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం చాలా కాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్ దానిని దాటిపోయింది. 2023లో హుబ్బళ్ళి ఆ రెండింటినీ మించింది. కాని ఈ ఊరిని నిజంగా చూడదలచినవారు ప్లాట్‌ఫారం మీద ఆగిపోకూడదు. స్టేషను బయటికి వచ్చి, ఉదయం పూట రైల్వే కార్ఖానాకు పోయే దారిలో ఒక టీ కొట్టు బల్ల మీద అరగంట కూర్చోవాలి. ఎదురుగా సాగిపోయే సైకిళ్ళను గమనిస్తే ఊరి సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

కలకత్తాకు పడమరగా సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పట్టణం రైలు వల్ల పుట్టింది. పందొమ్మిదో శతాబ్దపు చివర, ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇక్కడ జంక్షనును, విశాలమైన కార్ఖానాను, ఉద్యోగుల కోసం వరుస వరుసలుగా క్వార్టర్లను నిర్మించింది. పని కోసం నలుదిక్కుల నుంచి జనం వచ్చారు. వారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు ఎందరో. అందుకే గోల్ బజారులో కూరగాయలు బేరమాడుతున్నప్పుడు ఈనాటికీ బెంగాలీ, హిందీ, ఒరియాల నడుమ తెలుగు మాట వినిపిస్తుంది. తాతల నాడే ఊరు విడిచి వచ్చినా, ఆ మాటల్లో ఉత్తరాంధ్ర యాస చెక్కుచెదరలేదు.

క్వార్టర్లకూ కార్ఖానాకూ నడుమ దూరం నడవడానికి ఎక్కువ, బస్సు ఎక్కడానికి తక్కువ. నేల చదును. ఇటువంటి చోట సైకిలు రాజ్యమేలడంలో వింత లేదు. మోటారు సైకిళ్ళు పెరిగిన ఈ రోజుల్లో కూడా 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, సైకిలు ఉన్న ఇళ్ళ వాటాను బట్టి పశ్చిమ బెంగాల్ దేశంలో ముందు వరుసన నిలిచింది. అక్కడ నూటికి డెబ్బయి ఎనిమిదికి పైగా ఇళ్ళలో సైకిలు ఉన్నది.

టీ కొట్టు దగ్గర చేరే వృద్ధులకు ఒక శాస్త్రం ఉన్నది. మనిషి సైకిలు తొక్కే తీరును బట్టి అతడు పనిలో ఎటువంటివాడో చెప్పవచ్చునని వారి నమ్మకం. వెన్ను నిటారుగా ఉంచి, ఒకే వేగంతో, బెల్లు అవసరమైతే తప్ప మ్రోగించకుండా పోయేవాడు మొదటి రకం. అతనికి పని అప్పగించి నిశ్చింతగా ఇంటికి పోవచ్చు. సీటు మీద నుంచి లేచి, పెడళ్ళ మీద నిలబడి, సందు దొరికిన చోటల్లా దూరిపోయేవాడు రెండో రకం. పని మొదలుపెట్టడంలో ఇతనంతటివాడు లేడు, ముగించడమే అనుమానం. ఒక చేయి హ్యాండిలు మీద, రెండో చేయి పక్క సైకిలువాడి భుజం మీద వేసి కబుర్లాడుతూ పోయేవాడు మూడో రకం. ఇతని చేతి పని సామాన్యమే కావచ్చు, కాని ఇతడు సెలవు పెట్టిన రోజున తక్కినవారి పని కూడా మందగిస్తుందట.

ఈ శాస్త్రాన్ని నలభై ఏళ్ళు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఒక తెలుగు పెద్దమనిషి సగమే ఒప్పుకొన్నాడు. "తొక్కినప్పుడు కాదు బాబూ, దిగినప్పుడు సూడాల. సైకిల్ని ఎలగ నిలబెడతాడో పనిముట్టునీ అలగే పెడతాడు" అన్నాడు. ఎక్కేవాడి తొందర అందరికీ ఒకటే. ఆలస్యమైతే హాజరు పోతుంది. దిగిన తరువాత స్టాండు సరిగ్గా వేసి, పక్క సైకిలు హ్యాండిలు తగలకుండా జరిపి, టైరును ఒకసారి వ్రేలితో నొక్కి చూసి పోయేవాడు వేరు. గోడకు జార్లబెట్టి పరుగెత్తేవాడు వేరు.

ఆయనే ఒక సంగతి చెప్పాడు. రిటైరయ్యాక ఆయన ఊళ్ళోని ఒక చిన్న మరమ్మతు షాపులో పనివాళ్ళకు పెద్దగా ఉండేవాడు. అక్కడికి కొత్తగా చేరిన కుర్రవాడు ప్రతి ఉదయం విసురుగా వచ్చి, బ్రేకు వేయకుండా కాలు నేలకు రాచి సైకిలు ఆపేవాడు. వాడి చెప్పు అరిగి అంచు ఊడిపోయింది. "నిలకడ లేనివాడు, తీసెయ్యండి" అని యజమాని నిశ్చయించాడు. పెద్దాయన ఆ సాయంత్రం కుర్రవాని సైకిలును తలక్రిందులుగా నిలబెట్టి చూశాడు. వెనుక బ్రేకు రబ్బరు లేనే లేదు; ముందు బ్రేకు కడ్డీకి తీగ చుట్టి ఉన్నది. అయితే చైనుకు నూనె ఉన్నది, చక్రం వంకర లేకుండా తిరుగుతున్నది. వాడు తెల్లవారక ముందే ఇంటింటికీ పేపర్లు వేసి, అక్కడి నుంచి తిన్నగా పనికి వస్తున్నాడు. డబ్బు పెట్టవలసిన భాగం పాడయింది. శ్రద్ధ పెట్టవలసిన భాగం బాగున్నది. పెద్దాయన రెండు జతల బ్రేకు రబ్బర్లు కొనిపెట్టి, యజమానితో మాట్లాడాడు. కుర్రవాని పని నిలిచింది.

అనువాదం నా వృత్తి. ఒక రచయిత వాక్యం తడబడితే, అది అతని స్వభావమా లేక అతడు మోస్తున్న విషయపు బరువా అని అనువాదకుడు మొదట తేల్చుకోవాలి. ఆ తేడా తెలియనివాడు మూలానికి అన్యాయం చేస్తాడు. ఖరగ్‌పూర్ వీధుల్లోనూ అదే చిక్కు. క్యారియరుకు రెండు వైపులా పాల క్యాన్లు వ్రేలాడదీసుకుని పోయేవాని నెమ్మదిలో సహనమెంత, బరువెంత? చీర కుచ్చెళ్ళు చైనులో పడకుండా ఒక చేత్తో పట్టుకుని పోయే ఇల్లాలి జాగ్రత్త స్వభావమా, అవసరమా?

పట్టణానికి ఇంకొక వైపున ఐ.ఐ.టి. ఉన్నది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో ఆ సంస్థ మొదలైంది. 1931లో అదే శిబిరంలో ఇద్దరు రాజకీయ ఖైదీలు కాల్పులకు బలి అయ్యారు. నేడు అక్కడి చెట్ల నీడన విద్యార్థులు గుంపులుగా సైకిళ్ళ మీద తరగతులకు పోతారు. రెండు చేతులూ వదిలి తొక్కేవారు అక్కడ కనిపిస్తారు. దారి నున్నగా, ఎదురు లారీ లేకుండా ఉన్నప్పుడు ధైర్యం సులభం. ఆ విద్యార్థినే ఆఫీసు వేళకు గోల్ బజారులో వదిలితే రెండు చేతులూ హ్యాండిలు మీదికి వస్తాయి.

బడి వదిలే వేళ యూనిఫారంలో ఆడపిల్లలు వరుస కట్టి వస్తారు. రాష్ట్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన 'సబూజ్ సాథీ' పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివేవారికి సైకిళ్ళు ఇస్తున్నారు. తల్లి ఎన్నడూ ఎక్కని వాహనం మీద కూతురు బడికి పోతున్నది. ఆమె తొక్కుడులో తడబాటును వెదకడం కన్నా, రేపు ఆమె ఏ పనికి పోగలదో ఆలోచించడం మేలు.

కాబట్టి వృద్ధుల శాస్త్రాన్ని పూర్తిగా కొట్టివేయనక్కరలేదు, సవరించుకుంటే చాలు. వేగాన్ని చూసి మనిషిని నిర్ణయించవద్దు. వేగం దారిది, బరువుది, గడియారానిది. గేటు పడినప్పుడు ముందున్నవానిని తోయకుండా ఆగుతాడా? అడ్డు వచ్చిన పసివాడి కోసం దిగి నడిపిస్తాడా? చైను ఊడిన అపరిచితుని దగ్గర నిలిచి చేతికి మసి అంటించుకుంటాడా? ఇవి మనిషి తన ఇష్టంతో చేసేవి. అతనితో కలిసి పనిచేయవచ్చునా లేదా అన్నది వీటిలో తెలుస్తుంది. మీ ఊరిలో రేపు ఉదయం అరగంట తీరిక దొరికితే, ఈ పరీక్షను మీరూ చేసి చూడవచ్చు. టీ ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు.