రూపాయి స్టాంపు మీద కలివికోడి

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల గురించి రాయమని ఎడిటరుగారు పంపారు. నేను పుస్తకాల దాకా వెళ్లనేలేదు. జీపీఓకి కాస్త ఇవతల, మూసి ఉన్న షట్టరు ముందు ఒక పెద్దాయన పాత స్టాంపులు పరుచుకుని కూర్చున్నాడు. అక్కడే ఆగిపోయాను.

స్టీలు గిన్నెలో నీళ్లు, నీళ్లలో కవర్ల నుంచి కత్తిరించిన ముక్కలు. జిగురు నానేదాకా ఆయన వాటి జోలికి పోడు. నానాక కూడా వేలు తగలనివ్వడు, పట్టకారే. స్టాంపును లాగడు, దాని వెనకున్న కాగితాన్ని లాగుతాడు. తడి స్టాంపును పేపరు మీద బోర్లించి ఊపిరి బిగబట్టి చూస్తాడు. "ఒక్క పన్ను ఇరిగినా ఇగ కచరానే బిడ్డా," అన్నాడు అంచులు చూపిస్తూ.

ఆల్బం తిప్పుతూ ఒకచోట ఆగాడు. "ఇది మీ కడప పిట్ట."

కలివికోడి. 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనే అందరూ అనుకున్న పక్షి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట పట్టుకున్నాడు. పక్షి శాస్త్రవేత్త సాలీం అలీ వచ్చి చూసేలోపే అది చచ్చిపోయింది. ఆ తర్వాత దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మారింది, 1988లో తపాలాశాఖ రూపాయి స్టాంపు వేసింది. ఆ రూపాయి ఉత్తరం మోసిన కూలికే సరిపోయింది. పిట్టకు దక్కింది బొమ్మ.

ఆ పక్క పేజీలోనే ఒక అమెరికా స్టాంపు, దానిమీద పులిపిల్ల. 2011లో వచ్చింది. అప్పుడు మామూలు ధర మీద పదకొండు సెంట్లు ఎక్కువ పెట్టి కొనాల్సి వచ్చేది. ఆ ఎక్కువ సొమ్ము ఏనుగులు, ఖడ్గమృగాలు, పులులు, గొరిల్లాల వంటి వానరాలు, సముద్ర తాబేళ్ల నిధులకు పోవాలని చట్టంలోనే రాసుకున్నారు. ఆ జంతువుల్లో ఎక్కువ ఉండేది ఆఫ్రికాలో, ఆసియాలో. డబ్బు కూడబెట్టింది అమెరికా పోస్టాఫీసు కౌంటరు.

మనకు చేతకాని పనా? పెద్దాయన దగ్గరే సాక్ష్యం ఉంది. 1971లో బంగ్లా శరణార్థుల కోసం ఉత్తరాల మీద అయిదు పైసల స్టాంపు అదనంగా అంటించాలన్నారు. మొదట్లో కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే ఆ మాట అచ్చు గుద్ది వదిలారు. దేశమంతా అంటించింది. మరి 'మై స్టాంప్' సంగతి? మన ఫొటో వేసిన పన్నెండు అయిదు రూపాయల స్టాంపుల షీటుకు మూడొందలు ధర పెట్టారు. 60 రూపాయల సరుకుకు 240 ఎక్కువ. సొంత మొహం కోసం పెట్టగలిగిన చేతికి పిట్ట కోసం రూపాయి బరువవుతుందా?

హైదరాబాదు జూలో పులులను, ఏనుగులను బ్యాంకులు, సినిమావాళ్లు దత్తత తీసుకుంటారు. మంచిదే. రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరిగే పిట్టతో ఫొటో దిగడం కుదరదు, అందుకే దాన్ని అడిగేవాడు లేడు. పెద్దాయనకు కూడా పులే ఇష్టం. 1963లో జూ బహదూర్‌పురాకు మారకముందు నాంపల్లి బాగే ఆమ్‌లోనే ఉండేది, చిన్నప్పుడు వాళ్ల అబ్బాజాన్ చెయ్యి పట్టుకుని పోయి పులిని అక్కడే చూశాడట.

పిట్ట కోసం ఉత్తరానికో రూపాయి ఎక్కువ వేస్తే ఎలా ఉంటుందని అడిగితే నవ్వాడు. "చిట్టీలు ఎవరు రాస్తున్నరు బిడ్డా?"

ఎవరూ రాయడం లేదు. కానీ నాంపల్లి కోర్టుల నోటీసులు, పాస్‌పోర్టులు, ఏటీఎం కార్డులు ఇప్పటికీ పోస్టులోనే పోతున్నాయి. వాటి మీద వెయ్యొచ్చు కదా అన్నాను.

"ఎయ్యొచ్చు. గా పైసలు అడవికి పోతయా, ఈడనే ఆఫీసుల ఆగుతయా?"

పట్టకారుతో స్టాంపు ఎత్తే మనిషి అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఎక్కడికి పోవాలో ముందే రాసిపెట్టకపోతే ఆగుతాయి. లంకమలలో ఈ పిట్టను వెతికినవాళ్లు ముళ్లపొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, చదును చేసి, తెల్లారాక వాటి మీద పడిన కాలి గుర్తులు చూసేవారు. యంత్రాలు తర్వాత సంగతి, ముందు రోజూ అడవిలోకి వెళ్లే మనిషి కావాలి. 2025లో చాన్నాళ్లకు మళ్లీ దాని కూత రికార్డయింది కాబట్టి ఆ పని ఇప్పుడు ఇంకా ఎక్కువుంది. నన్నడిగితే మొదటి రూపాయి ఆ మట్టి చదును చేసే మనిషి జీతానికి పోవాలి, కొత్త బోర్డులకు కాదు.

కలివికోడి స్టాంపు బేరమాడాను. పళ్లన్నీ ఉన్నాయని పైసా తగ్గించలేదు.