ఆర్కిటెక్చర్ చదివిన ఎమ్మెల్యే

మన జూబ్లీహిల్స్ ఎమ్మెల్యే నవీన్ యాదవ్ చదివింది ఆర్కిటెక్చర్. ఉప ఎన్నిక గోలలో ఈ సంగతి పెద్దగా ఎవరికీ పట్టలేదు. 2014లో మజ్లిస్ టికెట్ మీద రెండో స్థానం, 2018లో ఇండిపెండెంట్‌గా ఓటమి, 2023లో కాంగ్రెస్‌లోకి. అప్పటి ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ పోయాక 2025 నవంబర్‌లో 24,729 ఓట్ల మెజారిటీతో గెలుపు. పార్టీలు మారాయి గానీ సీటు మారలేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

అయితే పేరుకే జూబ్లీహిల్స్! బంగళాలున్న జూబ్లీహిల్స్ డివిజన్ ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది. ఈయన వాటాకొచ్చింది యూసుఫ్‌గూడ, బోరబండ, రహమత్‌నగర్, ఎర్రగడ్డ... జూనియర్ ఆర్టిస్టులు అద్దెకుండే కృష్ణానగర్ కూడా. చారెడు జాగాలో మూడంతస్తులు, ఆటో దూరని సందు. సెట్‌బ్యాకుల (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) గురించి చదువుకున్నాయన ఆ ఇళ్ల గడపల్లోనే నిలబడి ఓటడగాలి మరి (మెట్లు కూడా రోడ్డు మీదే ఉంటాయి, జాగ్రత్త).

ఆర్కిటెక్ట్ రాజకీయాల్లోకి రావడం కొత్తేమీ కాదు. పెరూలో బెలౌండే అనే ఆర్కిటెక్ట్ రెండుసార్లు దేశాధ్యక్షుడయ్యాడు. హౌసింగ్ కాలనీలు కట్టించాడు. ఆయనకు ఖాళీ జాగా దొరికింది. బోరబండలో ముందు డ్రైనేజీ పైపు వేయడానికి జాగా వెతకాలి.