కాలువ తెచ్చిన పచ్చదనం: బ్రహ్మంగారిమఠంలో ఇల్లు

కడప జిల్లా ఉత్తర భాగాన, నల్లమల కొండలకూ లంకమల అడవికీ నడుమనున్న బ్రహ్మంగారిమఠానికి పాత పేరు కందిమల్లాయపల్లె. బనగానపల్లె విడిచి వచ్చిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ఇక్కడ స్థిరపడి, కులవృత్తి చేసుకుంటూనే కాలజ్ఞానాన్ని బోధించి, 1693లో వైశాఖ శుద్ధ దశమినాడు జీవసమాధి పొందారని, అంటే ప్రాణంతో ఉండగానే యోగనిష్ఠలో సమాధిలోకి ప్రవేశించారని సంప్రదాయం చెబుతుంది. ఆయన భార్య గోవిందమ్మ జమ్మలమడుగు సీమలోని పెదకొమెర్ల ఆడపడుచు. ముఖ్యశిష్యుడు సిద్దయ్య ముడుమాలలో దూదేకుల ఇంట పుట్టినవారు. ఊరికి పేరు తెచ్చిన మనిషే బయటినుంచి వచ్చి కాపురం పెట్టినవారు కనుక, ఇతర ఊళ్లవారు ఇక్కడ ఇల్లు చూసుకోవడాన్ని ఈ ఊరి చరిత్రలో కొత్త సంగతిగా చెప్పలేము. అయితే ఆ కాలంలో మనుషులను గురువు రప్పించాడు. ఈ కాలంలో గురువుతోపాటు పెద్ద జలాశయం, దాని కింద పచ్చని పైరు, కొండగాలి కూడా రప్పిస్తున్నాయి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల రద్దీలోనో, కడప వేడిలోనో పనిచేసుకునే కుటుంబానికి, మైదుకూరు మీదుగా రోడ్డు పట్టుకుంటే చేరుకోగలిగిన ఇలాంటి ఊళ్లో ఒక ఇల్లు ఉండాలన్న కోరిక పుట్టడం సహజమే. ఆ కోరికను మన్నిస్తూనే, ఆ పచ్చదనం ఎక్కడిదో, ఎంతవరకు నిలుస్తుందో ముందుగా తెలుసుకోవడం అవసరం.

ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ జిల్లాలో పచ్చదనం ప్రకృతి ఉచితంగా ఇచ్చినది కాదు. మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతాలకు తుంగభద్ర నీటిని తెచ్చిన కర్నూలు–కడప కాలువను, జనం నోట కేసీ కాలువను, 1860వ దశకంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించగా, నష్టాల్లో పడిన ఆ సంస్థ నుంచి 1882లో ప్రభుత్వం దానిని కొన్నది. పడమటి పల్లెలు ఆ కాలువ కింద వరి, పసుపు పండించుకుంటూ తరాలు గడిపినా, తూర్పున కొండల దాపునున్న బ్రహ్మంగారిమఠం వైపు పల్లెలకు ఆ భాగ్యం దక్కలేదు. వాటి రాత మారింది తెలుగుగంగతో. చెన్నై తాగునీటికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా జలాలు ఇచ్చేందుకు 1976లో ఒప్పుకోగా, ఆ నీరు నడిచే దారి పొడవునా రాయలసీమ, నెల్లూరు చేలకు కూడా తడి అందించాలన్న ఆలోచనతో 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో ఈ పథకం పెద్ద రూపు దాల్చింది. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. శ్రీశైలం జలాశయంలో నిలిచిన కృష్ణ పోతిరెడ్డిపాడు తూముల గుండా బయలుదేరి, బనకచర్ల దగ్గర చీలి, వెలుగోడు జలాశయంలో ఆగి, అక్కడినుంచి నల్లమల అంచు వెంబడి కాలువలో సాగి బ్రహ్మంగారిమఠం చెంతనున్న బ్రహ్మంసాగర్‌కు చేరుతుంది. స్వామి పేరే పెట్టిన ఈ జలాశయం సుమారు 17.7 టీఎంసీలు నిలుపుకోగలదు. కట్టలోనుంచి ఊట ఎక్కువై చాలా ఏళ్లు దీనిని నిండుగా నింపలేని స్థితి ఉండగా, కట్టను పటిష్ఠం చేసిన తరువాతే ఆ ఇబ్బంది తగ్గింది.

ఈ వివరాలకు ఇంటి కొనుగోలుతో సంబంధం లేదని తోచవచ్చు గాని, నిజానికి సంబంధమంతా ఇక్కడే ఉంది. ఎగువన శ్రీశైలంలో నీటిమట్టం పడిపోయిన సంవత్సరం పోతిరెడ్డిపాడు తూములకు నీరందదు. తూములకు అందకపోతే బ్రహ్మంసాగర్ అడుగంటుతుంది. అది అడుగంటితే చేలు బీడుపడటమే కాక, ఇంటి వెనుక బోరులో నీరు కూడా దిగిపోతుంది. ఇల్లు చూడటానికి కార్తీక మాసంలో వచ్చినవారికి పైరుపచ్చ కనిపిస్తుంది. అదే ఇంటిని ఎండలు ముదిరిన వైశాఖంలో, స్వామి ఆరాధనోత్సవాల నాటికి చూస్తే అసలు రూపు తెలుస్తుంది. రెండు కాలాల్లోనూ చూడకుండా బయానా ఇవ్వడం తొందరపాటే అవుతుంది.

నీటితో ఇంటికున్న ఈ ముడిని బాగా ఎరిగిన దేశం నెదర్లాండ్స్. అక్కడి నేలలో దాదాపు నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువన ఉండగా, చుట్టూ కట్ట పోసి నీరు తోడివేసి సాగులోకి తెచ్చిన భూమిని పోల్డర్ అంటారు. ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, ది హేగ్, ఉట్రెక్ట్ నగరాలు వలయంలా చుట్టుకొని ఉండగా నడుమ మిగిలిన పచ్చికబయళ్ల సీమను వారు ‘గ్రీన్ హార్ట్’, అంటే హరిత హృదయం అని పిలుచుకొని, నగరాలు దానిని మింగకుండా దశాబ్దాలుగా జాగ్రత్తపడుతున్నారు. అక్కడ పల్లెలో ఇల్లు కొన్నవారు పురపాలక పన్నుతోపాటు నీటిమండలికి కూడా పన్ను కడతారు. కట్టలను, కాలువలను, నీటిమట్టాన్ని చూసుకునే ఆ మండళ్లు దేశమంతటా 21 ఉన్నాయి. కొనుగోలు ఒప్పందంపై సంతకం పడ్డాక కూడా కొన్నవారికి మూడు రోజుల పునరాలోచన గడువు చట్టమే ఇస్తుంది. హక్కు బదిలీ పత్రం నోటరీ చేతిమీదుగానే సాగి, 1832 నుంచి నడుస్తున్న కడాస్టర్ అనే భూమి రిజిస్టరులోకి ఎక్కుతుంది. అక్కడ నీరు ఎక్కువై భయం, ఇక్కడ తక్కువై భయం. ఇంటి విలువ మాత్రం రెండు చోట్లా కాలువ చేతిలోనే ఉంది.

బ్రహ్మంగారిమఠంలో ఇళ్ల గిరాకీకి రెండో కారణం మఠమే. 1984లో రామారావే దర్శకత్వం వహించి నటించిన ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ ఈ పేరును తెలుగునాట ఇంటింటికీ చేర్చింది. సమాధి మందిరం, స్వామి మనుమరాలిగా పూజలందుకునే ఈశ్వరమ్మ మఠం, స్వామి నివాసం, ఆయన తవ్వించినదని చెప్పే బావి చూడటానికి యాత్రికులు వస్తూనే ఉంటారు. మహాశివరాత్రికీ, ఆరాధనోత్సవాలకూ ఊరు జనంతో నిండిపోతుంది. విశ్వబ్రాహ్మణులకు ఇది పుణ్యక్షేత్రం కనుక, రిటైరయ్యాక స్వామి నీడన కాలం గడపాలని వచ్చే కుటుంబాలకూ, ఏడాదికోసారి వచ్చి దిగడానికి ఒక గది ఉంటే చాలుననుకునేవారికీ ఇక్కడి స్థలం మీద ఆశ ఉంటుంది. ఇందువల్ల మఠం వీధుల్లో ఇల్లు వేరు, చేల వైపు ఇల్లు వేరు. మొదటిది బాడుగ తెస్తుంది, నిద్ర చెడగొడుతుంది. రెండోది నిద్ర ఇస్తుంది గాని బాడుగ ఇవ్వదు. ప్రశాంతతకోసం వచ్చినవారు ఊరి నడిబొడ్డున కొని తరువాత బాధపడటం కంటే, తమకేది కావాలో ముందే తేల్చుకోవడం మేలు.

ఇక ఇంటి సంగతి. ఈ సీమలో పాత ఇల్లంటే మిద్దె. మందమైన రాతి గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు అనే సన్నకొయ్యలు, వాటిపైన పరుపుగా ఒక పొర, ఆపైన మట్టి పోసి, చివరగా చవుడు పరిచి చదును చేస్తారు. చవుడు అంటే ఉప్పు కలిసిన నేలమన్ను. వాన పడగానే అది మెత్తబడి అణిగి, నీరు లోపలికి ఇంకకుండా అడ్డుకుంటుంది కనుక వానాకాలానికి ముందు ఏటేటా కొత్త చవుడు తోలించి పోసేవారు. పైకప్పులో వెలుతురుకోసం వదిలిన కంతను గవాక్షమంటారు. నేలకు ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గనుల నుంచి వచ్చే కడప బండలు పరచడంతో ఎండాకాలం మధ్యాహ్నం కూడా కాళ్లకు చల్లగా ఉంటుంది. మిద్దెను పడగొట్టి కాంక్రీటు స్లాబు వేయడమే గొప్పగా తలచే కాలంలో, గోడలు నిలిచి ఉన్న పాత మిద్దెను పైకప్పు మార్చుకొని నిలబెట్టుకోవడమే వివేకం. ఇంత వేడి సీమలో అంత మందమైన గోడ మళ్లీ కట్టించాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొనబోయే మిద్దెలో దూలం చివర గోడలోకి దూరిన చోట చెదపట్టిందేమో, గోడ అడుగున ఉప్పు పొంగి తెల్లని పొర కట్టిందేమో చూడాలి. రెండోది కాలువ ఊట వల్ల నేలలో తడి పైకి పాకుతున్నదనడానికి గుర్తు. నల్లరేగడి నేలలో అయితే, తడికి ఉబ్బి ఎండకు ముడుచుకునే మట్టి కనుక, పునాది లోతు ఎంతో అడిగి తెలుసుకోవాలి.

పత్రాల విషయంలో ఓపిక చాలా కావాలి. మన దేశంలో రిజిస్ట్రేషన్ అనేది దస్తావేజును నమోదు చేస్తుందేగాని అమ్మినవారికి నిజంగా హక్కున్నదని పూచీ ఇవ్వదు. ఆ వెతుకులాట భారమంతా కొనేవారిదే. ముందుగా నేల జాతి తెలియాలి. ఊరిలో ఇళ్లకోసం అనాదిగా వదిలిన నేలను గ్రామకంఠం లేదా గ్రామనత్తం అంటారు. అక్కడి పాత ఇళ్లకు తరతరాల అనుభవమే తప్ప పత్రం లేకపోవడం మామూలు. దరఖాస్తు చేసుకున్న నిరుపేదకు ప్రభుత్వం సాగుకోసం ఇచ్చే పట్టాను ఈ జిల్లాలో డీకేటీ పట్టా అంటారు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అటువంటి భూమి చేతులు మారడాన్ని నిషేధించింది, తరువాత సడలింపులు వచ్చినా ఒక్కో సర్వే నంబరును విడిగా విచారించక తప్పదు. వంక పోరంబోకు, అంటే వాగుకు చెందిన ప్రభుత్వ భూమి, దేవాదాయ భూమి ఎన్నడూ కొనదగినవి కావు. మఠాలున్న ఊళ్లో నేల దేవాదాయానిదా అన్న ప్రశ్న తప్పకుండా అడగాలి. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద నిషేధించిన నంబర్ల జాబితాను చూస్తే దానికి జవాబు దొరుకుతుంది.

తరువాత లింకు దస్తావేజులు, అంటే ఒకరి నుంచి ఒకరికి హక్కు ఎలా వచ్చిందో చూపే పాత పత్రాల వరుస. దాని పక్కన ఈసీ, అంటే ఆస్తి మీద తనఖాలు, అమ్మకాలు ఉన్నాయో లేవో తెలిపే ధ్రువపత్రం. పిత్రార్జితమైన ఇల్లు అయితే అన్నదమ్ముల సంతకాలతో తృప్తిపడటం పెద్ద పొరపాటు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే, దేశమంతటా 2005 సవరణతో ఆడబిడ్డలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది. పెళ్లై ప్రొద్దుటూరులో ఉన్నా, కువైట్‌లో ఉన్నా ఆమె సంతకం, లేదా ఆమె ఇచ్చిన అధికారపత్రం కావలసిందే. ఇది కొనేవారి భద్రతకోసమే కాదు, ఆమెకు దక్కవలసిన న్యాయం కూడా.

ఊరు మఠం చుట్టూ పెరుగుతున్నకొద్దీ, రోడ్డు పక్క ఆయకట్టు పొలాలను చెక్కలు కోసి సెంట్ల లెక్కన అమ్మడం మొదలవుతుంది. సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, 48.4 చదరపు గజాలు. వ్యవసాయ భూమిలో వేసిన లేఅవుట్‌కు కావలసిన అనుమతులన్నీ ఉన్నాయో లేవో చూడటం చట్టపరమైన జాగ్రత్త. అంతకు మించిన సంగతి పిల్లకాలువది. తెలుగుగంగ కాలువ నుంచి చివరి మడి దాకా నీరు తీసుకుపోయే ఆ సన్నని కాలువ ఒక్క లేఅవుట్‌లో పూడిపోతే, దాని దిగువనున్న పదిమంది రైతుల పొలాలు ఎండిపోతాయి; ఎండిన పొలం కూడా తరువాత ప్లాట్లకే వస్తుంది. పచ్చదనం చూసి వచ్చినవారు ఇచ్చిన డబ్బే ఆ విధంగా పచ్చదనాన్ని చెరిపేస్తుంది. సర్వే శాఖ దగ్గర ప్రతి సర్వే నంబరుకు ఎఫ్ఎంబీ అనే కొలతల పటం ఉంటుంది. అందులో హద్దులు, కొలతలతోపాటు పాత కాలువలు, దారులు గీసి ఉంటాయి. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ పటం నకలు తీసుకొని, సర్వేయరుతో నేల మీద నడిచి, దస్తావేజు చెక్కుబందీలో రాసిన నాలుగు హద్దుల్లో కాలువ ఉన్నచోట కాలువ అనే రాయించుకోవడం కొనేవారి చేతిలోని పని. దిగువ మడి రైతును కూడా ఆ నడకకు పిలవడం ఇంకా మంచిది. నీరు ఏ నెలలో ఎటు పారుతుందో ఆయనకే బాగా తెలుసు.