మా బెంగుళూరు ప్రయాణము

సోదరీమణులారా, ఆడపిల్లను చదువునకై పరాయి యూరు పంపవలసి వచ్చినపుడు ఇంటింట జరుగు చర్చ మీకు తెలియనిది కాదు. మొన్నటి వేసవిలో మా యింటను అదియే జరిగినది. మా యమ్మాయి ఇంటరు పరీక్షలు వ్రాసి, మనస్తత్వశాస్త్రము చదివెదనని, బెంగుళూరులోని క్రైస్టు విశ్వవిద్యాలయమునకు దరఖాస్తు పెట్టుకొన్నది. కాగితముపై వ్రాసి తపాలాలో వేయు దినములు గతించినవి. పిల్ల మా ప్రక్కనే కూర్చుండి, ఫోనులోనే వివరములు నింపి, పదవ తరగతి మార్కుల పట్టిక జతపరచి, రుసుము చెల్లించినది. మేము బియ్యమేరుకొనుచు, పేరులోని అక్షరములు సరిగా నున్నవా యని మాత్రము చూచితిమి.

విశ్వవిద్యాలయము పేరు వినగానే మా యత్తగారు, "వారి బడిలో వారి ప్రార్థనలే యుండును గదా! పిల్ల మన యాచారము మరచిపోదా?" అనిరి. ఆ ప్రశ్నను త్రోసివేయుట మాకు న్యాయమని తోచలేదు. మావారు రాజ్యాంగ గ్రంథము తెచ్చి చదివి వినిపించిరి. అల్పసంఖ్యాకులు తమ కిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనుటకు 30వ అధికరణము హక్కు నిచ్చుచున్నది. అట్లే, ప్రభుత్వపు గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన సంస్థలో చదువు వారిని, వారి సమ్మతి లేనిదే, మైనరులైనచో సంరక్షకుల సమ్మతి లేనిదే, మతబోధకు గాని ప్రార్థనకు గాని రమ్మని నిర్బంధింపరాదని 28వ అధికరణము చెప్పుచున్నది.

ఈ సంస్థను నడుపువారు కేరళదేశమున 1831లో ఏర్పడిన సన్న్యాసి సంఘమువారు. ఆ సంఘ స్థాపకులలో నొకరైన కురియాకోస్ ఎలియాస్ చావరా అను గురువు 1846లో మాన్నానమున సంస్కృత పాఠశాలను పెట్టెను. 2014లో పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించిరి. బాల్యమున అమరకోశము వల్లించిన మా యత్తగారు ఈ మాట విని, "సంస్కృతము చెప్పించినవాని శిష్యుల బడియా? అట్లయిన పోయి చూచి రండు" అని సెలవిచ్చిరి.

ప్రవేశపరీక్ష ముగిసిన కొలదిదినములకు ముఖాముఖికి రమ్మని పిలుపు వచ్చినది. అనంతపురమునుండి బెంగుళూరు సుమారు 200 కిలోమీటర్లు. తెల్లవారుజామున రైలెక్కితిమి. ధర్మవరము దాటునప్పటికి వెలుగు వచ్చినది. పట్టుచీరల యూరు గదా, మా ప్రక్క నొక యమ్మ మూటలో చీరలు పెట్టుకొని అమ్మకమునకు పోవుచుండెను. పెనుగొండ కొండ కనబడగానే, 1565లో రాక్షసి తంగడి యుద్ధమున విజయనగరము కూలిన పిదప రాయలవంశీయులు రాజధానిని ఇచ్చటికే మార్చిరని మావారు పిల్లకు చెప్పిరి. పిల్ల వినుచున్నట్లే యుండెను గాని దాని పెదవులు మాత్రము ముఖాముఖిలో చెప్పవలసిన మాటలనే వల్లించుకొనుచుండెను. హిందూపురము దాటి కన్నడదేశము ప్రవేశించితిమి. పెరుగన్నము మూట విప్పితిమి గాని అమ్మాయి రెండు ముద్దలకంటె తినలేదు.

విశ్వవిద్యాలయము హోసూరు రోడ్డుపై డెయిరీ సర్కిలునకు సమీపమున నున్నది. 1969లో క్రైస్టు కళాశాలగా మొదలై, 2008లో విశ్వవిద్యాలయముతో సమానమైన ప్రతిపత్తిని పొందినది. ద్వారమునకు కొంత దూరముననే ఒక పెద్దమనిషి మమ్ము సమీపించి, కొంత సొమ్ము తనకిచ్చినచో సీటు తప్పక యిప్పించెదనని గుసగుసలాడెను. ఇట్టి దళారులు పెద్దపట్టణములలో కాచుకొని యుందురు. వారి మాట వినకుడు. సొమ్మును చదువులవారి కార్యాలయమున చెల్లించి రసీదు పుచ్చుకొనుటయే క్షేమము.

లోపల పూలమొక్కలు, పెద్దచెట్లు, ఊడ్చి తుడిచిన త్రోవలు. చిత్తుకాగితమొకటియు నేలపై కనబడలేదు. పిల్లలు ముందుగా ఇచ్చిన విషయముపై ఒకటి రెండు నిమిషములు మాటలాడవలెను, పిమ్మట ఆచార్యుల ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలెను. తల్లిదండ్రులకు లోపలికి ప్రవేశము లేదు. పుట్టినది మొదలు మా చేయి విడువని పిల్ల కాగితముల సంచి పట్టుకొని ఒంటరిగా లోపలికి పోయినది. మావారు వసతిగృహపు ఖర్చులు విచారించుటకు పోయిరి.

మేము బయటికి వచ్చి కాఫీ త్రాగుచుండగా తెలుగుమాట వినబడినది. కర్నూలు ప్రాంతపు టామె, యౌవనముననున్న కుమారునితో కూర్చుండియున్నది. "మీ పిల్లవానిని కూడ చేర్చుచున్నారా?" యని యడిగితిమి. "లేదమ్మా, మేము నిమ్హాన్సుకు వచ్చినాము" అని యామె దాపరికము లేక చెప్పినది. ఆ మానసిక వైద్యశాలయు అదే హోసూరు రోడ్డుపై నున్నది. 1954లో ఏర్పడిన అఖిలభారత మానసికారోగ్య సంస్థను పాత మానసిక వైద్యశాలతో కలిపి 1974లో దానికి ఈ రూపమిచ్చిరి. "మూడేండ్లు తాయెత్తులు కట్టించి తిప్పినాము. అది మా తప్పు. ఇప్పుడు మందులు వాడి దుకాణములో పనికి పోవుచున్నాడు" అని యామె కొడుకు భుజముపై చేయి వేసినది.

మా కాఫీ చల్లారిపోయినది. సోదరీమణులారా, మాకొక చెల్లెలున్నది. ఇరువది యేండ్లుగా పుట్టింటి వెనుకగదిలో ఎవ్వరితోను పలుకక కూర్చుండియున్నది. "గాలి సోకినది" అని పిల్లలకు చెప్పి, ఆ మాటను అంతటితో ముగించితిమి. మ్రొక్కులు మ్రొక్కితిమి, విభూతి పెట్టించితిమి. వైద్యునికి చూపిన పెండ్లి సంబంధములు తప్పిపోవునని మొదట జంకితిమి, తరువాత అలవాటు పడితిమి.

రెండుగంటలకు అమ్మాయి వచ్చినది. ఏమడిగిరని తొందరపడితిమి. "మనస్తత్వశాస్త్రమే యెందుకని అడిగినారమ్మా. మా పిన్ని కొరకని చెప్పినాను. ఆమెకేమైనదో ఇంటిలో ఎవరును చెప్పలేదు, కనుక చదివి తెలిసికొనవలె ననుకొన్నానని చెప్పినాను" అన్నది. పిదప మెల్లగా, "పరాయివారికి చెప్పినందుకు కోపమా?" అని యడిగినది. మాకు కోపము రాలేదు. తలయెత్తి దాని ముఖము చూచుటకు మాత్రము కొంతసేపు పట్టినది.

నాటి సాయంకాలము తిన్నగా స్టేషనుకు పోలేదు. ముగ్గురమును నిమ్హాన్సు ద్వారమువద్ద దిగి, క్రొత్తగా వచ్చువారి పేరు నమోదు ఎట్లో, వెంట నేమేమి తేవలెనో విచారించి, అమ్మాయి దరఖాస్తు నకలు వెనుకవైపుననే వ్రాసికొంటిమి.

పది దినములకు పిల్లకు సీటు వచ్చినట్లు తెలిసినది. రుసుము పెద్దది. మావారు బ్యాంకులో అప్పు చేసిరి. చెల్లెలిని కూడ బెంగుళూరు తీసికొనిపోయి చూపితిమి. మందులు మొదలైనవి. గుణమెంతయో చెప్పుటకు ఇంకను కాలము చాలదు. మొన్న మాత్రము, వడ్డించిన అన్నములో ఉప్పు చాలలేదని తనంతట తానే యన్నదట. మా యమ్మ ఆ మాట ఫోనులో చెప్పి ఏడ్చినది.

సోదరీమణులారా, మీ పిల్లలు దరఖాస్తు నింపునపుడు అక్షరములు సరిచూచుటతో సరిపెట్టుకొనకుడు. ఆ చదువే యెందుకు కోరుచున్నావని ఒక్కమారు అడుగుడు. ఆ ప్రశ్న మేము ఇంటిలో అడుగలేదు. రెండువందల కిలోమీటర్ల దూరమున, ముక్కు మొగము తెలియని ఆచార్యులు అడుగవలసి వచ్చినది.