ఆరు మీటర్ల ఇంట్లో యూరప్ అవుట్‌డోర్!

యూరప్ అనగానే మన సినిమా జనానికి గుర్తొచ్చేవి మూడే – మంచుకొండ, పల్చటి చీర, ఒక డ్యూయెట్! 1964లో రాజ్‌కపూర్ ‘సంగమ్’ కోసం పారిస్, వెనిస్, స్విట్జర్లాండ్ చుట్టి వచ్చినప్పట్నించీ మనవాళ్ళకి ఆ పిచ్చి పట్టుకుంది. ఇక నా సంగతంటారా? ముప్పయ్యేళ్ళు ప్రొడక్షన్ మేనేజరుగా చేశాను. కారవాన్ అంటే హీరోగారు విశ్రాంతి తీసుకునే బండి. మెట్లదాకా వెళ్ళి “షాట్ రెడీ సార్” అనడమే గాని, లోపల కాళ్ళు చాపుకుని పడుకున్న పాపాన పోలేదు. అలాంటివాణ్ణి 2024లో ఎనభై నాలుగు రోజులు ఆ బండిలోనే కాపురం చేసి వచ్చాను. బండిలో హీరో నేనే, డ్రైవరు నేనే, ఆఫీసు బోయ్ కూడా నేనే!

“ఈ వయసులో ఇదేం సరదా?” అని అడిగినవాళ్ళు చాలామందే వున్నారు. సరదా ఒక్కటే కాదు లెండి. మా ఆవిడకి పదకొండేళ్ళుగా ఇన్సులిన్. రోజుకి నాలుగు ఇంజక్షన్లు. టూరు బస్సుల్లో వాళ్ళు ఆపినప్పుడే భోజనం, వాళ్ళు పెట్టిందే భోజనం. ఇంజక్షన్ చేసుకున్నాక తిండి అరగంట ఆలస్యమైతే మనిషి చెమటలు పట్టి వొణికిపోతుంది. అంచేత టూరు మాట ఎత్తినప్పుడల్లా ఆవిడది ఒకే జవాబు – “నా వంటిల్లు నా వెంట వస్తే వస్తానండీ!” మ్యూనిక్‌లో వుద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఆ మాట పట్టుకున్నాడు. “అత్తా, వంటిల్లుకి చక్రాలు తగిలిస్తే వస్తావా?” అన్నాడు. అదీ కథ.

వెళ్ళాలనుకునే పాఠకుల కోసం నేను నేర్చుకున్నవి వరసగా చెబుతాను.

కాల్షీట్లు

షెంజెన్ వీసా మీద ఏ 180 రోజుల్లో లెక్కవేసినా 90 రోజులకి మించి అక్కడ వుండకూడదు. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. మేం మొత్తం 84 రోజులకే ప్లాను వేసుకున్నాం. ఆరు రోజులు చేతిలో వుంచుకున్నాం. బండి చెడినా, మనిషికి జ్వరం వచ్చినా కావాలిగా! హీరో డేట్లు 90 ఇస్తే 84లో సినిమా ముగించేవాడే ప్రొడక్షన్ మేనేజరు. మేం వెళ్ళినప్పుడు పాస్‌పోర్టు మీద స్టాంపులు కొట్టారు. 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ఫొటో తీసుకునే కంప్యూటరు పద్ధతి మొదలుపెట్టారు. రోజుల లెక్క యంత్రమే చూసుకుంటుందన్నమాట. ఇంకో సంగతి – ఇంగ్లండు, ఐర్లండు ఈ వీసాలోకి రావు.

డ్రైవింగుకి మన ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాదికే చెల్లుతుంది. మన అసలు లైసెన్సు కూడా పక్కనే వుండాలి. మామూలు కారు లైసెన్సు మీద నడపాలంటే బండి బరువు, లోపలి సామాను, మనుషులు అంతా కలిపి 3,500 కిలోలు మించకూడదు. ఇక్కడే మన తెలుగువాళ్ళకి చిక్కు. మా బండికి మిగిలింది సుమారు 450 కిలోలు. అందులో నీళ్ళ టాంకు ఒక్కటే వంద లీటర్లు – అంటే వంద కిలోలు! తక్కినదాంట్లో మేమిద్దరం, బట్టలు, గ్యాసు, ప్రెషర్ కుక్కరు, సోనామసూరి బస్తా. “బస్తా దింపండి” అన్నాను. “మీరు దిగండి” అంది మా ఆవిడ. నీళ్ళు సగం టాంకే నింపుకుని బయల్దేరాం. వెళ్ళిన ప్రతి క్యాంపింగులోనూ నీళ్ళు దొరుకుతాయి గాని సోనామసూరి దొరకదు కదా!

ప్రాపర్టీలు

యూరప్‌లోకి మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు బయటినుంచి తీసుకెళ్ళనివ్వరు. అంటే నెయ్యి, కోవా మనింట్లోనే వదిలెయ్యాలి. పచ్చి కరివేపాకు కూడా పనికిరాదు. తమాషా ఏమిటంటే కొబ్బరికాయకి అభ్యంతరం లేదు. కొబ్బరి, అరటి, అనాస, ఖర్జూరం, డ్యూరియన్ అనే ఇంకో పండు – ఈ అయిదింటికీ మొక్కల సర్టిఫికెట్టు అడగరు. ముహూర్తానికి ఇబ్బంది లేదనుకుని సంతోషించాను!

ఇన్సులిన్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విమానంలో పెద్ద పెట్టెల్లో వెయ్యకండి. సామాన్ల గదిలో గడ్డకడితే మందు పనికిరాదు. చేతిసంచీలోనే వుండాలి. డాక్టరుగారి చీటీ వెంట వుండాలి, అందులో మందు అసలు పేరు రాయించుకోవాలి. ఒక్కో దేశంలో ఒక్కో కంపెనీ పేరుతో అమ్ముతారు. కావలసినదానికి రెట్టింపు తీసుకుని రెండు సంచుల్లో సర్దాం. వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఎలాగూ చెయ్యాలి. పాతజబ్బులకి అది వర్తిస్తుందో లేదో మాత్రం పాలసీ కాగితం మీద వేలు పెట్టి చదవండి.

కెమెరా యాంగిల్

కాంపర్ వాన్‌లో ఫ్రిజ్ మనింట్లో ఫ్రిజ్‌లాంటిది కాదు. మా బండిలోదానికి మోటారు లేదు. వేడితోనే చల్లదనం పుట్టిస్తుంది. బండి నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద, క్యాంపింగులో కరెంటు మీద, ఏదీ లేనప్పుడు గ్యాసు మంట మీద పనిచేస్తుంది. అయితే దానికో జబ్బు వుంది – బండి ఒకవైపు ఒరిగితే లోపల ద్రవం సరిగ్గా తిరగదు, చల్లదనం పడిపోతుంది. అంచేత రోజూ సాయంత్రం బండి ఆపగానే నా మొదటి పని రసమట్టం తీసి నేలమీద పెట్టడం. కెమెరా ట్రైపాడ్ మీద బుడగ మధ్యకి వచ్చేదాకా అసిస్టెంట్లు ఎలా తంటాలు పడేవాళ్ళో, అలా చక్రాల కింద మెట్టుదిమ్మలు పెట్టి బండి సమం చేసేవాణ్ణి. పక్క బండి జర్మన్ తాతగారు నా శ్రద్ధ చూసి బొటనవేలు ఎత్తి చూపించారు. ఆ ఫ్రిజ్‌లో ఏముందో ఆయనకేం తెలుసు!

ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటరు వేళ్ళాడదీశాం. 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుండాలి. వెనక పలకకి ఆనిస్తే మందు గడ్డకడుతుంది. అందుకని తువ్వాలులో చుట్టి తలుపువైపు పెట్టాం. గ్యాసు సంగతి కూడా చెప్పాలి. బ్యూటేన్ అయితే సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ప్రోపేన్ మైనస్ 42 దాకా తట్టుకుంటుంది. కొండలెక్కేవాళ్ళు ప్రోపేనే అడగాలి. పైగా జర్మనీ సిలిండరు ఇటలీలో మార్చుకోవడం కుదరదు, ఇటలీది ఫ్రాన్సులో కుదరదు. 11 కిలోలవి రెండు మ్యూనిక్‌లోనే నింపుకుని, కరెంటు వున్నచోట గ్యాసు ముట్టుకోకుండా పొదుపు చేశాం.

కరెంటుకీ ఒక లెక్క వుంది. చాలా క్యాంపింగుల్లో ఇచ్చేది 6 ఆంపియర్లే. అంటే 1,380 వాట్లు. ఇండక్షన్ స్టౌ పెడితే ఠప్పుమని ఫ్యూజు కొట్టేస్తుంది. అన్నం గ్యాసు మీద, ఫ్రిజ్ కరెంటు మీద – ఇదే మా ఒప్పందం.

రోడ్డు మీద

మొదటి పాఠం – బండి ఎత్తు టేపుతో కొలిచి, కాగితం మీద రాసి స్టీరింగు ముందు అంటించండి. మాది 2 మీటర్ల 90 సెంటీమీటర్లు. పాత వూళ్ళలో రైలు వంతెనలు ఎవరినీ క్షమించవు! రెండోది – ఇటలీ పాత వూళ్ళ నడిబొడ్డులోకి బయటి బళ్ళు వెళ్ళకూడదు. గుండ్రటి తెల్లబోర్డు, ఎర్రంచు కనబడితే ఆగిపోవాలి. పైన కెమెరా ఫొటో తీస్తుంది. జరిమానా నెలల తరవాత అద్దె కంపెనీ ద్వారా ఇంటికొస్తుంది. మూడోది – స్పెయిన్ వెళ్ళేవాళ్ళు గుర్తుపెట్టుకోండి, అక్కడ ‘గాసోలియో’ అంటే డీజిల్, ‘గాసోలినా’ అంటే పెట్రోలు. ఒక్క అక్షరం తేడాతో ఇంజను పోతుంది.

ఆస్ట్రియా హైవేలకి స్టిక్కరు కొనాలి. స్విట్జర్లాండ్‌లో ఒక్కరోజు తిరిగినా ఏడాది స్టిక్కరే – 40 ఫ్రాంకులు. ఫ్రాన్సు, ఇటలీల్లో చాలా హైవేలకి టోలు గేట్లున్నాయి. జర్మనీ హైవేలు మనలాంటి బళ్ళకి ఉచితం గాని ఆదివారం దుకాణాలు మూసేస్తారు. పాలు, పెరుగు శనివారమే తెచ్చుకోవాలి.

సాల్జ్‌బర్గ్‌లో ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ (1965) తీసిన మిరాబెల్ తోట చూసి గ్రోస్‌గ్లోక్నర్ కొండదారి పట్టాం. 1935లో తెరిచిన రోడ్డు. 48 కిలోమీటర్లు, 36 మలుపులు. ఎక్కడం సులువే, దిగడమే విద్య. బ్రేకు మీద కాలేసి దిగితే బ్రేకులు కాలిపోతాయి. రెండో గేరులో ఇంజనే బండిని పట్టుకోవాలి. మా ఆవిడ మలుపులు లెక్కపెడుతూ కూర్చుంది. “ముప్ఫై ఆరండీ, తప్పేం చెప్పలేదు వాళ్ళు” అంది కింద దిగాక!

రోజుకి రెండొందల కిలోమీటర్లు మించలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ చాలా క్యాంపింగుల్లో ఆఫీసు మూసేస్తారు, గేటు దగ్గర పడిగాపులు పడాలి. అంచేత పన్నెండులోపే చేరేవాళ్ళం. మా ఆవిడ ఇంజక్షనుకీ అన్నానికీ అదే సరైన వేళ. వెనిస్ వెళ్తే బండి ఒడ్డునే ఏదో క్యాంపింగులో వుంచి పడవెక్కాలి. మరుగుదొడ్డి పెట్టె రెండు మూడు రోజులకోసారి దానికి ఏర్పాటుచేసిన చోట ఖాళీ చెయ్యాలి. ఆ డిపార్టుమెంటు నాది. ఇంకెవరు చేస్తారు, చెప్పండి!

ఇంటర్వెల్ బ్యాంగ్

జూలై 6. మా ప్రయాణంలో అరవై రెండో రోజు. ఫ్రాన్సు దక్షిణ తీరంలో లా సియోటా అనే వూళ్ళో వున్నాం. సినిమావాడిగా నాకది కాశీలాంటిది. లూమియర్ సోదరులు రైలు స్టేషనులోకి వచ్చే ఆ ప్రసిద్ధ లఘుచిత్రం తీసింది ఈ వూరి స్టేషనులోనే. వాళ్ళ నాటి ఈడెన్ థియేటరు బాగుచేసి 2013లో మళ్ళీ తెరిచారు. పొద్దున వెళ్ళి అన్నీ తిరిగి చూసి సాయంత్రానికి బండికి వచ్చాం. తలుపు తియ్యగానే మొహాన సెగ కొట్టింది. ఫ్రిజ్‌లో దీపం లేదు. క్యాంపింగువాళ్ళ కరెంటు స్తంభంలో మా వరస ఫ్యూజులన్నీ కొట్టేశాయి. ఎప్పుడు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. థర్మామీటరు చూస్తే 21.

నా చేతులు చల్లబడ్డాయి. ముప్పయ్యేళ్ళలో ఎన్నో షూటింగులు ఆగిపోతే చూశాను గాని కాళ్ళు ఇలా వొణకలేదు. మా ఆవిడ మాత్రం మంచం మీద కూర్చుని క్యాలెండరు తీసింది.

“డాక్టరుగారేమన్నారు? చల్లదనం తప్పితే నా మందు ముప్ఫై డిగ్రీల లోపు ఇరవై ఎనిమిది రోజులు వుంటుందన్నారు కదండీ?”

“అవును.”

“మనకింకా ఎన్ని రోజులున్నాయి?”

“ఇరవై రెండు.”

“మరి ఏడుపెందుకు? గడియారం ఇవాళ్టినుంచి తిరగడం మొదలెట్టిందనుకుందాం. లోపల ముప్ఫై దాటకుండా చూడండి, చాలు.”

అదండీ లెక్క! అప్పుడే గ్యాసు మీదికి ఫ్రిజ్ మార్చాను. సగం మందు క్యాంపింగు ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టించాం. అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. మర్నాటినుంచి బయటికి వెళ్ళేటప్పుడు ఆ పూటకి కావలసినది తడిగుడ్డ సంచీలో చుట్టి వెంట తీసుకెళ్ళేవాళ్ళం. మన మట్టికుండ సూత్రమే – నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. ఆ సంచులు అమ్ముతారు కూడా. మందు రంగు మారలేదు, పలకలు కట్టలేదు, చక్కెర లెక్క తప్పలేదు. ఏమైనా అయితే 112 వుంది. యూరప్ యూనియన్‌లో ఎక్కడినుంచైనా ఆ నెంబరు ఉచితం. ఆకుపచ్చ ప్లస్ గుర్తు వున్నది మందుల దుకాణం. అయితే మన డాక్టరు చీటీకి అక్కడ మందు ఇస్తారనుకోకండి, అక్కడి డాక్టరు చూసి రాయాల్సిందే.

మధుమేహం వున్నవాళ్ళు యూరప్ వెళ్ళకూడదని కాదు నేను చెప్పేది. వెళ్ళండి! మందుని మూడు చోట్ల వుంచండి – ఫ్రిజ్‌లో కొంత, చేతిసంచీలో కొంత, వీలైతే ఆఫీసులో కొంత. ఎవరి మందుకి ఎన్ని రోజుల గడువో బయల్దేరేముందు మీ డాక్టరుని అడిగి గోడమీద రాసిపెట్టుకోండి. మందులన్నిటికీ ఒకే లెక్క కాదు.

అక్కణ్ణించి లియాన్ మీదుగా స్విట్జర్లాండ్ చేరాం. 2,429 మీటర్ల ఎత్తున ఫుర్కా కనుమ ఎక్కాం. ‘గోల్డ్‌ఫింగర్’ (1964)లో జేమ్స్‌బాండ్ ఆస్టన్ మార్టిన్ కారులో వెళ్ళిన దారి అదే. మేం గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో వెళ్ళాం! వెనక చేరిన బళ్ళకి దారివ్వడానికి ఒక వెడల్పు జాగాలో ఆపాను. సరిగ్గా పన్నెండున్నర. ఎదురుగా మంచుకొండ. మా ఆవిడ ఇంజక్షన్ చేసుకుని, కుక్కరు మూత తీసి, పప్పన్నంలో మాగాయ కలిపి నా చేతికిచ్చింది.

“ఏ టూరు బస్సు ఇక్కడ ఇప్పుడు ఆపుతుందండీ?” అంది.

ఏ బస్సూ ఆపదు. నిజమే!