గురి తప్పిన అనుకరణ

హాంక్ మార్విన్‌కి కావలసింది నిజానికి ఆ గిటార్ కాదు. 1950ల చివర ఇంగ్లండులో రాక్ అండ్ రోల్ వాయించే కుర్రకారు అందరిలాగే అతనికీ అమెరికా రికార్డులే గురువులు. అందులోనూ రికీ నెల్సన్ పాటలకు గిటార్ వాయించిన జేమ్స్ బర్టన్ అంటే ప్రాణం. బర్టన్ దగ్గరున్నది ఫెండర్ కంపెనీ గిటార్ అని తెలుసు, ఏ మోడలో తెలియదు. అంత బాగా వాయిస్తున్నాడంటే అన్నిట్లోకీ ఖరీదైనదే వాడుతుంటాడని లెక్కేసుకుని, కేటలాగు తిరగేసి స్ట్రాటోకాస్టర్ ఎంచుకున్నారు. డబ్బు పెట్టుకున్నది గాయకుడు క్లిఫ్ రిచర్డ్. 1959లో ఆ గిటార్ సముద్రం దాటి వచ్చింది. బర్టన్ వాయించేది టెలికాస్టర్ అన్న సంగతి తర్వాత తెలిసింది.

తంటా అక్కడితో ఆగలేదు. బర్టన్ తీగలు సన్నవి. బాంజో తీగలు తెచ్చి గిటార్‌కి బిగించుకునేవాడు. వేలితో పక్కకి లాగితే స్వరం హాయిగా సాగేది. మార్విన్ తీగలేమో మందం, లాగితే కదలవు. అయితే స్ట్రాటోకాస్టర్‌కి టెలికాస్టర్‌కి లేని ఒక ఇనప కడ్డీ ఉంది. దాన్ని నొక్కితే తీగలన్నీ కాస్త వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే మళ్ళీ పైకొస్తుంది. వేలు చేయలేని పనిని మార్విన్ ఆ కడ్డీ చేత చేయించాడు. దానికి ఇటలీలో తయారైన ఒక ఎకో పెట్టె తోడైంది. 1960 జూలైలో మార్విన్ వాయించే షాడోస్ బృందం ‘అపాచీ’ విడుదల చేసింది. అందులో ఒక్క మాట లేదు, పాడేదంతా గిటారే. బ్రిటన్‌లో 5 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఆ స్థానంలోంచి అది లేపేసింది క్లిఫ్ రిచర్డ్ పాటనే. పాపం, గిటార్ కొనిపెట్టినందుకు ఫలితం!

డేవిడ్ గిల్మోర్, మార్క్ నాఫ్లర్, బ్రయాన్ మే వంటివాళ్లంతా చిన్నప్పుడు మార్విన్‌ని వింటూ వేళ్లు తిప్పుకున్నవాళ్లే. ముగ్గురిలో ఎవరూ మార్విన్‌లా వినిపించరు, ఒకరిలా ఒకరు అసలే వినిపించరు.

గిటార్ పట్టిన ప్రతి కుర్రాడికీ ఏదో ఒకనాడు బెంగ పుడుతుంది. ఇంతమంది మహానుభావుల్ని విన్నాక ఇక నాకంటూ ఒక బాణీ ఎక్కణ్ణుంచి వస్తుంది అని. కొందరు ఆ భయంతో ఇతరుల్ని వినడమే మానేస్తారు. అదో వెర్రి. విననివాడి చేతిలోంచి కొత్త సంగతి రాదు. ఎప్పుడో ఎవరో వాయించేసినదే వాడికి తెలియకుండా మళ్ళీ వస్తుంది. పాట లేని రాక్ వాయించేవాళ్లకు ఈ బెంగ ఇంకా ఎక్కువ, దానికి కారణమూ ఉంది. బ్యాండులో గాయకుడుంటే అతని గొంతు, ఆ మాటలు ఆనవాలుగా ఉంటాయి. అవి తీసేస్తే మిగిలేది గిటార్ ఒక్కటే. ఆ గిటారూ అందరి చేతుల్లో దాదాపు ఒకటే. అవే ఆంప్లిఫయర్లు, అదే పెంటటానిక్ స్కేలు. మన శుద్ధ ధన్యాసి స్వరాలే అవి, లెక్కకి అయిదు. ఈ అయిదింటితో ఇన్నేళ్లుగా ఇన్ని వేలమంది వాయించాక కొత్తగా ఏం మిగిలుంటుంది?

ఈ ప్రశ్నకి ఒక జవాబు చూడండి. స్వీడన్ కుర్రాడు ఇంగ్వే మామ్‌స్టీన్ 1984లో ‘రైజింగ్ ఫోర్స్’ అనే ఆల్బమ్ తెచ్చాడు. పగనీనీ వయొలిన్ రచనల్లోని పరుగునీ విరుపునీ గిటార్ మీదికి దింపాలన్నది అతని పంతం. వయొలిన్‌కి విల్లు ఉంది, మెట్లు లేవు. గిటార్‌కి మెట్లున్నాయి, విల్లు లేదు. ఆ తేడాని పూడ్చడానికి కుడిచేతిలో తీగని మీటే పలక ముక్కతో అతను పడిన అవస్థలోంచి ఒక కొత్త వాదనం పుట్టింది. ఆ తర్వాత నాలుగైదేళ్ల పాటు అతనంత వేగంగా, కొందరు అతని కంటే వేగంగా వాయించేవాళ్లు గుంపులుగా వచ్చిపడ్డారు. ఆ రికార్డులు ఇప్పుడు కలిపి వింటే ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. వేగం నాకూ ఇష్టమే, ఓ పది నిమిషాలు. మామ్‌స్టీన్ వయొలిన్‌ని అనుకరించాడు, వాళ్లు మామ్‌స్టీన్‌ని అనుకరించారు. అంతే తేడా.

గిటారిస్టు మరో గిటారిస్టుని పట్టుకుంటే నకలు తేలుతుంది, గిటార్ వల్ల కాని పనిని పట్టుకుంటే బాణీ తేలుతుంది అని నా లెక్క. దీనికి సాక్ష్యాలు కావలసినన్ని. కాలిఫోర్నియాలో సముద్రపు అలల మీద తేలే కుర్రాళ్ల కోసం వాయించిన డిక్ డేల్ తండ్రిది లెబనాన్ మూలం. చిన్నప్పుడు విన్న అరబ్బు డోలు దరువుని అతను తీగని మీటే ఎడమచేతిలోకి దించుకున్నాడు. 1962 నాటి ‘మిసిర్లూ’లో ఒకే తీగ మీద ఆపకుండా కొట్టే ఆ మీటుళ్లు ఆ దరువే. బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన అలన్ హోల్డ్స్‌వర్త్‌కి అసలు శాక్సొఫోన్ మీద మనసు, చేతికి దొరికింది గిటార్. దాంతో తీగని మీటడం తగ్గించి, ఎడమచేతి వేళ్ల దెబ్బతోనే స్వరాన్ని ఊపిరిలా సాగదీయడం సాధించాడు.

జెఫ్ బెక్ దగ్గర మాత్రం కాసేపు కూర్చోవాలి. 1965లో అతను వాయించే యార్డ్‌బర్డ్స్ బృందం ఒక పాటకు సితార్ కావాలనుకుని స్టూడియోకి సితార్ వాయించే ఆయన్ని పిలిపించింది. ఆ నాదం రికార్డింగులో పలచగా వచ్చింది, లయ కూడా కుదరలేదు. ఆ సితార్ వరసని బెక్ తన గిటార్‌కి నాదాన్ని గరుకు చేసే ఫజ్ పెట్టె కలిపి వాయించాడు. సితార్‌లా లేదు, మామూలు గిటార్‌లానూ లేదు. పాట హిట్టయింది. పదేళ్లకు, 1975లో, బీటిల్స్ ఆల్బములు తీర్చిదిద్దిన జార్జ్ మార్టిన్ చేత ‘బ్లో బై బ్లో’ చేయించుకున్నాడు. గాయకుడు లేడు, ఉన్నంతసేపూ గిటారే. అందులో స్టీవీ వండర్ రాసిన ఒక నెమ్మది పాట ఉంది. గిటార్ వాయిస్తున్నట్టు కాక, నోరు విప్పడానికి మొహమాటపడుతున్నట్టు మొదలవుతుంది.

1980లకు వచ్చేసరికి బెక్ మీటే పలక ముక్కని అవతల పారేశాడు. వీడియోల్లో అతని కుడిచెయ్యి చూడండి. బొటనవేలు తీగని మీటుతుంది. చిటికెన వేలు శబ్దం పెంచే మీట మీద ఆనుకుని ఉంటుంది. మీటిన క్షణంలో శబ్దం అణిగి ఉండి, తర్వాత ఆ వేలు మీటని తిప్పగానే స్వరం దెబ్బ వినిపించకుండా మెల్లగా పైకి లేస్తుంది. మనిషి గొంతు అచ్చు ఇలాగే మొదలవుతుంది కదా. మిగిలిన వేళ్ల కింద మార్విన్ వాడిన ఆ కడ్డీయే ఉంటుంది, ఇరవై రెట్లు సూక్ష్మంగా. 1989లో వచ్చిన ‘వేర్ వర్ యు’ అనే రచనకి బెక్‌కి ప్రేరణ బల్గేరియా మహిళల బృందగానం. అందులో రాగమంతా హార్మోనిక్స్ మీద నడుస్తుంది. అంటే తీగని మెట్టుకి అదమకుండా వేలు ఆనీ ఆనకుండా మీటితే వచ్చే సన్నటి ఈల స్వరాలు. అవి తీగ మీద కొన్ని చోట్లే దొరుకుతాయి, కావలసిన స్వరాలన్నీ రావు. మిగతా స్వరాలని బెక్ కడ్డీ నొక్కి, ఎత్తి పట్టుకుంటాడు. కడ్డీకి మెట్లుండవు, గుర్తులుండవు. ఎంత నొక్కితే ఏ స్వరమో చెప్పేది చెవి ఒక్కటే. వెంట్రుకవాసి తప్పితే అపస్వరం. దాన్ని వేదిక మీద, వేలమంది ముందు వాయించేవాడు! ఆ తర్వాత బెక్ నితిన్ సాహ్నీ రచన ‘నదియా’ని ఎత్తుకున్నాడు. స్వాతి నాటేకర్ హిందుస్తానీ పద్ధతిలో పాడిన పాట అది. ఆమె గొంతులోని జారుళ్లని బెక్ పలికించిన తీరు వింటే, సంగీతం నేర్చుకున్న మనవాళ్లు కూడా ఒకసారి తల ఊపుతారు. బెక్ 2023 జనవరిలో పోయాడు. బల్గేరియా స్త్రీలు పాడినట్టు గానీ, స్వాతి నాటేకర్ పాడినట్టు గానీ అతను ఎన్నడూ వాయించలేకపోయాడు. జెఫ్ బెక్‌లా మాత్రం వాయించాడు.

జో సాట్రియానీ కథ వేరేలా మొదలై ఇక్కడికే వస్తుంది. 1970 సెప్టెంబరులో జిమీ హెండ్రిక్స్ పోయిన వార్త వినేసరికి అతను స్కూలు ఫుట్‌బాల్ ప్రాక్టీసులో ఉన్నాడు. వయసు 14. ఆట మానేస్తున్నానని, గిటారిస్టునవుతానని కోచ్‌కి చెప్పి వచ్చేశాడు. హెండ్రిక్స్ మీద అంత భక్తి ఉన్నవాడు హెండ్రిక్స్ నకలుగా మిగిలిపోవడానికి అవకాశాలన్నీ ఉన్నాయి. 1974లో అతను పాఠాలకు వెళ్లింది మాత్రం గిటార్ మాస్టారి దగ్గరికి కాదు, న్యూయార్క్‌లో లెనీ ట్రిస్టానో అనే అంధ పియానో విద్వాంసుడి దగ్గరికి. ట్రిస్టానో శిష్యులు గొప్పవాళ్ల సోలోలని ముందు నోటితో తు.చ. తప్పకుండా పాడాలి, వాద్యం సంగతి తర్వాత. మన దగ్గర వీణ నేర్చుకునే పిల్లల్ని ముందు పాడి వినిపించమనడం లాంటిదే. సాట్రియానీ తనకంటూ వేసుకున్న దారిలో ఇంకొకటి మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కింద ఆధార స్వరం కదలదు, పైన స్కేళ్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. ఒకే శ్రుతి మీద రాగాలు మారే రాగమాలికలా అన్నమాట. 1987 నాటి అతని ఆల్బమ్ ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ పాట లేకుండానే పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఆయన శిష్యుడే స్టీవ్ వాయ్. లాంగ్ ఐలండ్‌లో చిన్న కుర్రాడిగా ఉన్నప్పుడు సాట్రియానీ దగ్గర నేర్చుకున్నాడు. ఇద్దరిదీ ఊరు ఒకటే, పెరిగిన కాలమూ ఇంచుమించు ఒకటే. అయినా రెండు నిమిషాలు వింటే ఎవరు ఎవరో తెలిసిపోతుంది. వాయ్ ఆ తర్వాత ఫ్రాంక్ జాపా దగ్గర పనికి కుదిరాడు. జాపా కొన్ని రచనల్లో పాటా మాటా కాని పద్ధతిలో ఏదో వాగుతుంటాడు. ఆ వాగుడంతా స్వరాలుగా రాసుకుని, ప్రతి అక్షరానికీ ఒక స్వరం చొప్పున గిటార్ మీద జంటగా వాయించాడు వాయ్. మాట్లాడే మాటలోని ఎత్తుపల్లాలు అతని వేళ్లకి అలా అంటుకున్నాయి. ఇప్పటికీ అతని గిటార్ పాడటం కంటే కబుర్లు చెప్పడమే ఎక్కువ.

ఈ వరసలో మన పాలకొల్లు పిల్లవాణ్ణి తలుచుకోకపోతే ఎలా? ఉప్పలపు శ్రీనివాస్ రాక్ వాయించలేదు, కర్ణాటక సంగీతమే వాయించాడు. కానీ చేతిలో ఉన్నది పాశ్చాత్య వాద్యం, అదీ ఎలక్ట్రిక్. మాండొలిన్‌కి మామూలుగా జంట తీగలుంటాయి, స్వరం టక్కున మోగి టక్కున ఆగుతుంది. దాని మీద గమకం ఏమిటని అప్పట్లో పెద్దలు పెదవి విరిచారు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నాడు, చివరికి అయిదు తీగల దగ్గర స్థిరపడ్డాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఈ పాఠం జరిగిన తీరే మొత్తం సంగతి చెబుతుంది. మాండొలిన్ ఎలా పట్టాలో, ఏ వేలు ఎక్కడ వేయాలో చూపించే గురువు దొరికి ఉంటే బహుశా మంచి మాండొలిన్ కళాకారుడు తయారయ్యేవాడు, మాండొలిన్ శ్రీనివాస్ తయారయ్యేవాడు కాదు. రాక్, జాజ్ గిటార్‌ని మలుపు తిప్పిన జాన్ మెక్‌లాఫ్లిన్ అంతటివాడు ‘రిమెంబర్ శక్తి’లో అతని పక్కన కూర్చుని వాయించాడు.

ఇదంతా విని, సరిగ్గా వాయించలేకపోవడమే బాణీ అనుకునేవాళ్లూ ఉంటారు. కాదు బాబూ. మనలో చాలామంది గురి తప్పితే వచ్చేది అపస్వరమే. మార్విన్‌ది ఒక పొరపాటుతో మొదలైన కథ అయినా, ఆ కడ్డీని శ్రుతి చెడకుండా వాడటం అతను కష్టపడి నేర్చుకున్నదే. బెక్ ఆ చేతిని తీర్చిదిద్దుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

ఇప్పటి కుర్రాళ్లకు చిక్కొచ్చింది వేరే చోట. ఏ సోలో కావాలన్నా ఏ తీగ, ఏ మెట్టు, ఏ వేలు అని అంకెలతో సహా దొరుకుతుంది. వీడియో వేగం సగానికి తగ్గించి చూసుకోవచ్చు. వందల ఆంప్లిఫయర్ల నాదాల్ని నకలు చేసే పెట్టెలు వచ్చాయి, మీట తిప్పితే సాట్రియానీ నాదం, ఇంకోటి తిప్పితే గిల్మోర్ నాదం. మార్విన్ అమెరికా ఫెండర్‌ని ఊహించుకోవలసి వచ్చింది. ఆ ఊహలోని తప్పులోంచే అతని సొంత నాదం దూరింది. ఇప్పుడు నకలు ఎంత శుభ్రంగా వస్తోందంటే, అది దూరడానికి సందు లేదు. మా వీధిలో ఒకబ్బాయి ‘సర్ఫింగ్ విత్ ది ఏలియన్’ని కళ్లు మూసుకుని వాయిస్తాడు, ఒక్క స్వరం పొల్లు పోదు. బావుందని చెప్పాను, బాగుంది కూడా. రెండోసారి వినాలనిపించలేదు.

గిటార్ నేర్చుకుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మనవి. ఈ నెల గిటారిస్టుల రికార్డులు కాస్త పక్కన పెట్టండి. ఘంటసాల ‘పుష్పవిలాపం’ తీసుకోండి, లేదా పెళ్లిలో వినే నాదస్వరం తీసుకోండి, అదీ కాకపోతే పాత నాటకంలో పద్యం చివర హార్మోనియం పక్కన నటుడు తీసే రాగం. ముందు నోటితో పాడండి, గొంతు బాగోకపోయినా ఫరవాలేదు, తలుపేసుకుని పాడండి. తర్వాత గిటార్ తీసి ఒకే తీగ మీద దాన్ని పట్టుకోవడానికి చూడండి. ఎక్కడో ఒక చోట కుదరదు. ఘంటసాల గొంతు జారిన చోట మీ వేలు మెట్టు దగ్గర ఆగిపోతుంది. అప్పుడు దానికి పాఠం దొరుకుతుందేమోనని ఫోన్‌లో వెతక్కండి. ఆ చోటు దగ్గరే ఓ వారం కూర్చోండి.