పాటల గంట, బొమ్మల గంట

దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయమును మనలో చాలామంది ఒట్టి పేర్ల పట్టిక అనుకొని త్వరత్వరగా చదివి దాటిపోతారు. బడిపంతులునైన నేను మాత్రం ఆ అధ్యాయము దగ్గర ఎప్పుడూ ఆగుతాను. మందిర సేవ కొరకు దావీదు ఆసాపు, హేమాను, యెదూతూను అనువారి కుమారులను ఏర్పరచినప్పుడు, పాటలో నేర్పు గలవారి లెక్క 288 మంది అని అక్కడ ఉన్నది. వంతుల కొరకు చీట్లు వేసినప్పుడు పిన్న పెద్ద అనిగాని, గురువు శిష్యుడు అనిగాని భేదము చూడలేదు. అంటే అక్కడ నేర్పేవారు ఉన్నారు, నేర్చుకొనేవారూ ఉన్నారు. దేవుని మందిరములో సైతం పాట నేర్చుకొనవలసిన విద్యగానే ఉండేది.

నిర్గమకాండములో బెసలేలు సంగతి కూడా అంతే. బంగారపు పని, వెండి పని, రత్నములు సానబెట్టుట, కొయ్య చెక్కుట, వీటన్నిటి కొరకు దేవుడు అతనిని తన ఆత్మతో నింపాడు. 35వ అధ్యాయము చూస్తే, అతనికీ అహోలీయాబుకూ ఆ పనిని ఇతరులకు నేర్పే బుద్ధి కూడా దేవుడే పుట్టించాడని తెలుస్తుంది.

ఇక మన ఊరి ఎలిమెంటరీ బడి సంగతి చూద్దాము. టైం టేబులులో కళా విద్యకు ఒక పీరియడు ఉంటుంది. లెక్కల పాఠం మిగిలిపోతే ఆ పీరియడే పోతుంది. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడే పోతుంది. తల్లిదండ్రులు కూడా ఏమీ అనరు. ‘పాటలూ బొమ్మలూ కూడు పెడతాయా మేస్టారూ?’ అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

గురజాల, మాచర్ల ప్రాంతపు ఎలిమెంటరీ బడులలో నేను ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను, చిత్రకారుణ్ణీ కాను. మా నాన్నగారు ఊరి ఉపదేశి. సాయంత్రపు ప్రార్థనలలో ఆయన పక్కన కూర్చుని తాళాలు వాయిస్తూ పాడిన కీర్తనలే నేను నేర్చిన సంగీతం. అయినా నా అనుభవంలో తేలినది ఒకటుంది. పాట, బొమ్మ అనేవి చదువుకు పైన పెట్టే పూలదండలు కావు. వెనుకబడిన బిడ్డ చదువులోకి రావడానికి దేవుడు ఉంచిన వాకిళ్లు అవి.

మా పల్నాటి పల్లెల్లో మిరపకాయ కోతల కాలం వస్తే బడి సగం ఖాళీ అవుతుంది. తల్లీ తండ్రీ కోతకు పోతే పెద్దపిల్లవాడు చంటిబిడ్డను చూసుకోవాలి. అట్లా ఏటా రెండు మూడు నెలలు బడికి రాక, తొమ్మిదేళ్లు వచ్చినా రెండో తరగతిలోనే ఉండిపోయిన పిల్లవాడు ఒకడు నా దగ్గరకు వచ్చాడు. అక్షరాలు నిలిచేవి కావు. పలక ఇస్తే నిండా ఎద్దులూ బండ్లూ గీసేవాడు. ఒకనాడు వాళ్లమ్మ వచ్చి, ‘వీడికి చదువు రాదుగాని మేస్టారూ, గేదెలు కాసుకుంటాడు, మాన్పిస్తాను’ అన్నది. ‘ఒక్క నెల ఆగమ్మా’ అన్నాను.

మా బడి నేల అంతా నాపరాళ్లే. అంతకు మించిన పలక ఏముంటుంది? సుద్దముక్క ఇచ్చి, ‘ఏరా అబ్బాయ్, కుండ గియ్యి’ అన్నాను. గుండ్రంగా గీశాడు. ‘దాని నెత్తిన తలకట్టు పెట్టు.’ పెట్టాడు. ‘ఇది ర. ఇప్పుడు కుండ నడుమ చుక్క పెట్టు. ఇది ఠ. గూడుబండి గూడు గీసి తలకట్టు పెట్టు. ఇది గ.’ మన తెలుగు అక్షరాలన్నీ వంపులే గదా! ఎద్దు మూపురాన్ని సరిగా తిప్పగల చేతికి అక్షరం తిప్పడం ఎంత పని? కష్టమల్లా, ఆ పిల్లవాడికి అక్షరం కూడా ఒక బొమ్మే అని అంతవరకు ఎవరూ చెప్పకపోవడం.

రంగులు కొనడానికి డబ్బులెక్కడివి? బొగ్గు నలుపు, పసుపు పసుపే, చిక్కుడాకు పసరు ఆకుపచ్చ, గడపలకు పూసే జాజు ఎరుపు, సున్నం తెలుపు. వేపపుల్ల కొన నమిలితే కుంచె. పిల్లలు తెచ్చుకున్న ఈ సామానుతోనే మా బడి గోడ మీద మా ఊరి చెరువు, చింతచెట్టు, పొలానికి పోయే బండి వెలిశాయి. ఆ బండి ఆ పిల్లవాడు వేసిందే. దాని కింద ‘బండి’ అని వాడే రాశాడు. వాళ్లమ్మ వచ్చి చూసి ఏమీ అనలేదు, గేదెల మాట మళ్లీ ఎత్తలేదు. వాడు పదవ తరగతి వరకు చదివాడు. ఇప్పుడు తాపీమేస్త్రి. ఇల్లు కట్టించుకునేవారికి ముందు కాగితం మీద గది గదీ కొలతలతో గీసి చూపిస్తాడు. బొమ్మ వాడికి కూడు కూడా పెట్టింది.

ఇంకొక పాప. మూడో తరగతి. నత్తి. పాఠం చదవమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేది. తోటిపిల్లలు నవ్వేవారు. క్రమంగా ఆ పాప నోరు తెరవడమే మానేసింది. చదువు రాదేమో అని ఇంట్లోవాళ్లు కూడా అనుకున్నారు. అయితే పిల్లలందరూ కలిసి ఎక్కాలను పాటలాగా పాడేటప్పుడు దగ్గరకు పోయి విన్నాను. ఆ గొంతు ఎక్కడా తడబడలేదు. నత్తి ఉన్నవారిలో చాలామందికి పాడేటప్పుడు అది కనబడదని వైద్యులు కూడా చెబుతారు. ఆ పాపకు తెలుగు వాచకంలోని పాఠాన్నే వరుస కట్టి ఇచ్చాను. ముందు అందరితో కలిసి, తరువాత ఇద్దరితో, తరువాత ఒక్కతే. వరుసను కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాము. ఏడాది పట్టింది. ఆగస్టు 15న జెండా దగ్గర నాలుగు మాటలు చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఎవరూ నవ్వలేదు. నత్తి పూర్తిగా పోలేదు, తొందరపడితే ఇప్పటికీ వస్తుంది. అయితే ఆ తరువాత ఆమె మాట్లాడటం మానలేదు.

ఆ పాపను తలచుకొన్నప్పుడెల్లా నాకు మోషే జ్ఞాపకము వస్తాడు. తాను మాటనేర్పరిని కానని, తన నోరు మాంద్యమని దేవుని యెదుట వెనుకాడినవాడు మోషే. ద్వితీయోపదేశకాండము 31వ అధ్యాయములో ఆ మోషేకే దేవుడు ఒక కీర్తన వ్రాసి ఇశ్రాయేలీయులకు నేర్పుమని సెలవిచ్చాడు. అది వారి సంతానపు నోట మరువబడక నిలుచునని కూడా చెప్పాడు. మాట్లాడలేనని అన్నవానికి దేవుడు పాట ఇచ్చాడు. ధర్మశాస్త్రమును వ్రాయించినవాడే, జనులు మరువకుండుటకు పాటను కూడా నేర్పించాడు.

మన సంఘముల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1842లో గుంటూరు చేరిన హయ్యరు అయ్యగారు 1849లో గురజాలకు వచ్చారు. నరసరావుపేట వైపు బాప్టిస్టు మిషను పనిచేసింది. పల్లెలో బడి, గుడి ఒకే పాకలో నడిచిన రోజులవి. పగలు అక్షరాలు నేర్పిన ఉపదేశే రాత్రి దీపము దగ్గర కీర్తన నేర్పేవాడు. చదువు రాని మన అవ్వలు, తాతలు వాక్యమును నేర్చినది కీర్తనల ద్వారానే. 1803లో పుట్టి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి గారి వంటి భక్తులు ఆ కీర్తనలను మన దేశపు రాగములలోనే కట్టారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకము తీసి చూడండి. కీర్తనకు పైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసి ఉంటాయి. మన పిల్లల్లో ఎంతమందికి ఆ రెండు మాటల అర్థము తెలుసు?

ఆది తాళమునే తీసుకోండి. చేతితో ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క కలిసి నాలుగు. ఆ తరువాత దెబ్బ వేసి చేయి తిప్పడం రెండు, మళ్లీ దెబ్బ, తిప్పడం రెండు. మొత్తము ఎనిమిది. రెండో తరగతి పిల్లవాడికి నాలుగూ రెండూ రెండూ కలిపితే ఎనిమిది అని నేర్పడానికి ఇంతకన్నా మంచి పరికరము నాకు దొరకలేదు. లెక్కల కొరకు పాటల గంట తీసివేయనక్కరలేదు. పాటలోనే లెక్క ఉన్నది.

మార్టిన్ లూథరు 1524లో జర్మనీ పట్టణపు పెద్దలకు బడులను గూర్చి వ్రాసిన పత్రికలో, తనకే బిడ్డలుంటే భాషలు, చరిత్రలే గాక పాట, సంగీతము, గణితము కూడా నేర్పిస్తానన్నాడు. అప్పటికి ఆయనకు వివాహమైనా కాలేదు. మన పల్నాటి బిడ్డయైన గుర్రం జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టారు. చిన్ననాడు పాటలు పాడుతూ బొమ్మలు గీసుకొనే పిల్లవాడే ఆయన. తరువాత మిషను బడిలో పంతులై, గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోనూ బోధించారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చింది. బొమ్మలు గీసే పిల్లవాడిని చూసి పెదవి విరిచేముందు ఆయనను ఒకసారి తలచుకోవాలి.

మన పిల్లలు కూర్చొనే నేల సంగతి కూడా వారికి చెప్పండి. ప్రపంచము మెచ్చుకొనే అమరావతి శిల్పములను చెక్కినది పల్నాటి సున్నపురాతి మీదనే. వాటిలో కొన్ని చెన్నైలో, కొన్ని లండనులోని బ్రిటిషు మ్యూజియములో ఉన్నాయి. మాచర్ల దగ్గరి దుర్గిలో ఇప్పటికీ రాయి చెక్కే కుటుంబాలు ఉన్నాయి. ఒకరోజు పిల్లలను తీసుకుపోయి, ఉలి రాతిమీద ఎట్లా నడుస్తుందో చూపిస్తే చాలు. ఆ రోజు వారు నేర్చుకొనేది ఏ పుస్తకములోనూ ఉండదు.

అయితే ఈ విద్య ఎవరు నేర్పాలి? 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము కళలను అన్ని తరగతులలో నేర్పమన్నది. 2020 నాటి జాతీయ విద్యా విధానము కూడా కళలను పాఠములతో కలపమన్నది. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టము చూడండి. కళా విద్యకు పార్ట్ టైం బోధకుడిని చెప్పినది ఆరు నుండి ఎనిమిది తరగతులకు, అదీ నూరుమందికి మించి పిల్లలున్న చోట. ఒకటి నుండి అయిదు తరగతులలో అరవైమంది వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, అంతే. చిన్నబడికి పాటల మేస్టారు వస్తాడని ఎదురు చూస్తూ కూర్చుంటే మన పిల్లలు పెద్దవాళ్లైపోతారు.

కాబట్టి సంఘ పెద్దలకు, తల్లిదండ్రులకు నా మనవి ఇది.

మన గుడిలో డోలక్కు వాయించే యువకులు ఉన్నారు, కోలాటము నేర్పే అక్కలు ఉన్నారు. హెడ్మాస్టరు గారిని అడిగి, వారములో ఒక గంట ఊరి బడికి ఇవ్వండి. అయితే ఒక మాట. ప్రభుత్వ బడి అందరి పిల్లలది. ప్రభుత్వ ధనముతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగము 28వ అధికరణము చెబుతుంది. అక్కడ జానపదములు, ఎక్కాల పాటలు, కోలాటము నేర్పండి. పొరుగువాని బిడ్డకు ప్రతిఫలము కోరక నేర్పడమే మన సాక్ష్యము. కీర్తనలకు సండేస్కూలు ఉన్నది. అక్కడ రాగము, తాళము, పల్లవి, చరణము అన్నీ చెప్పి నేర్పండి.

క్రిస్మసు కార్యక్రమములో మంచి గొంతులను మాత్రమే ముందు నిలబెట్టకండి. ‘నీ గొంతు బాగాలేదు, వెనక్కి పో’ అన్న మాట ఒక బిడ్డను జన్మంతా మూగవానిని చేయగలదు. సెల్లు ఫోనులో ట్రాకు పెట్టి పెదవులు కదిలించడము పాడడము కాదు. తప్పులతోనైనా బిడ్డ తన గొంతుతో పాడాలి.

ఇంటిలో రాత్రి ప్రార్థనకు పది నిమిషాలు ముందు టీవీ ఆపండి. అవ్వకు వచ్చిన కీర్తన మనవరాలికి అవ్వే నేర్పాలి. బిడ్డ గీసిన బొమ్మను అన్నం వండే గది తలుపుకైనా అంటించండి. దానికి ఖర్చు లేదు, కొంచెము అన్నము మెతుకు చాలు.

మాట తడబడే నోటికి పాటను, పని ఎరిగిన చేతికి రూపమును అనుగ్రహించిన ప్రభువు, మన పల్లెల బడులలోని ప్రతి చిన్నబిడ్డ నోటిని తెరచును గాక. వారికి నేర్పే ఓర్పును మనకు దయచేయును గాక. ఆమెన్.